దీవిలో ఒక వారం: ఇల్లు, కారు, వాన నీళ్ళు

అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు సెలవులకు ఎక్కడికైనా వెళ్ళాలనుకున్నప్పుడు మొదట వచ్చే ప్రశ్న ఊరి గురించి కాదు, అన్నం గురించి. ఇండియా నుంచి వచ్చిన పెద్దవారు, అన్నదమ్ముల సంసారాలు, పిల్లలు, ఇంతమంది హోటల్లో నాలుగు గదులు తీసుకుని, పూటపూటా బయట తింటూ వారం రోజులు గడపాలంటే ఖర్చూ ఎక్కువే, సుఖమూ తక్కువే. అందుకే కరీబియన్ దీవులకు వెళ్ళేవారిలో చాలామంది ఒక ఇల్లు మొత్తం అద్దెకు తీసుకుంటారు. దానినే అక్కడ విల్లా అంటారు. ఆ పేరు విని రాజభవనం అనుకోనక్కరలేదు. మూడు పడక గదులు, వంటిల్లు, ఒక వసారా ఉన్న మామూలు ఇల్లు కూడా అక్కడ విల్లాయే.

2024 మార్చి నెలలో మేము అలాగే ఒక ఇల్లు, ఒక కారు తీసుకుని సెయింట్ జాన్ అనే దీవిలో వారం రోజులు ఉన్నాము. మేమిద్దరం, పిల్లల బాబాయి, పిన్ని, రెండు ఇళ్ళ పిల్లలు ముగ్గురు, పిల్లల నానమ్మ, మొత్తం ఎనిమిదిమందిమి. తాతగారు పోయిన తరువాత ఇద్దరు కొడుకుల సంసారాలూ ఒకే కప్పు కింద వారం రోజులు ఉండటం అదే మొదటిసారి. నానమ్మకు డెబ్బై నాలుగేళ్ళు. మోకాళ్ళు సరిగా లేవు. మళ్ళీ అంత దూరం ప్రయాణం చేసి అమెరికా రాగలనో లేదో అని ఆమే అంటున్నారు. గనుక ఈ వారం ఎలాగైనా సవ్యంగా గడవాలని మాకు ఆత్రంగా ఉండేది. వెళ్ళదలచినవారికి ఉపయోగపడుతుందని తెలుసుకున్నవి, చూసినవి ఇక్కడ రాస్తున్నాము.

ఈ దీవినే ఎందుకు ఎంచుకున్నాము

సెయింట్ జాన్ అమెరికా ఏలుబడిలో ఉన్న వర్జిన్ దీవులలో ఒకటి. 1917లో డెన్మార్కు దేశం ఈ దీవులను రెండున్నర కోట్ల డాలర్ల విలువైన బంగారానికి అమెరికాకు అమ్మింది. మన కుటుంబాలకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. అక్కడికి వెళ్ళడం అమెరికా దాటి వెళ్ళడం కింద లెక్కకు రాదు. వీసా మీద వచ్చిన తల్లిదండ్రులను కూడా తీసుకుపోవచ్చు. అయితే తిరుగు ప్రయాణంలో విమానం ఎక్కేముందు అందరినీ ఇమిగ్రేషన్, కస్టమ్స్ అధికారులు చూస్తారు. గ్రీన్ కార్డు ఉన్నవారు కార్డు, వీసా మీద ఉన్నవారు పాస్‌పోర్టు, మిగిలిన కాగితాలు అన్నీ వెంట పెట్టుకోవాలి. నానమ్మ పాస్‌పోర్టు వారమంతా ఆమె చేతిసంచిలోనే, ఆమె మందుల పక్కనే ఉంది.

దీవి మొత్తం ఇరవై చదరపు మైళ్ళు. 2020 జనాభా లెక్కల ప్రకారం ఉన్నది 3,881 మంది. సగానికి మించిన భూమి నేషనల్ పార్కు. 1956లో లారెన్స్ రాక్‌ఫెల్లర్ అనే ధనికుడు తాను కొన్న భూమిని ఇవ్వడంతో ఆ పార్కు ఏర్పడింది. విమానాశ్రయం లేదు. పక్కనున్న సెయింట్ థామస్ దీవిలో దిగి, టాక్సీలో రెడ్ హుక్ అనే రేవుకు పోయి, అక్కడ పడవ ఎక్కితే సుమారు ఇరవై నిమిషాలలో క్రూజ్ బే చేరుతాము. టాక్సీలకు మీటర్లుండవు. మనిషికి ఇంత అని నిర్ణయించిన రేటు ఉంటుంది. ఎనిమిదిమంది ఉంటే ముందుగా అడిగి ఎక్కడం మంచిది.

ఇంటికి పోయే దారి

ఇళ్ళ ఫొటోలు అన్నీ అందంగానే ఉంటాయి. నీలి సముద్రం, పూలచెట్టు, వసారాలో ఊయల. ఫొటోలో కనబడనిది ఆ ఇంటికి పోయే దారి. సెయింట్ జాన్ అంటే సముద్రంలోంచి లేచిన కొండ. సముద్రం బాగా కనబడే ఇల్లు తప్పకుండా కొండమీదనే ఉంటుంది, దాని దారి తప్పకుండా నిటారుగానే ఉంటుంది. కొన్ని దారులకు తారు కూడా లేదు. వానకు కోసుకుపోయిన మట్టి, రాళ్ళు, జడపిన్నులా తిరిగే మలుపులు. మాకు తెలిసిన ఒక కుటుంబం చవకగా వచ్చిందని చిన్న కారు తీసుకున్నారు. అది వారి ఇంటి చివరి మలుపు ఎక్కలేకపోయింది. ఐదు రోజులపాటు సామాన్లు చేత పట్టుకుని కొండ ఎక్కారు, దిగారు.

కాబట్టి ఇల్లు వేరు, కారు వేరు అని రెండు బేరాలుగా చూడకూడదు. ఆ దీవిలో అవి రెండూ ఒకటే. ఇల్లు ఖాయం చేసుకునేముందు యజమానిని గానీ ఏజెంటును గానీ కొన్ని ప్రశ్నలు అడగాలి. దారి తారురోడ్డా, మట్టిరోడ్డా? నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి కావాలా? బండి ఎక్కడ ఆపాలి? ఆపిన చోటునుంచి గుమ్మందాకా ఎన్ని మెట్లు? గుమ్మం నుంచి పడక గదికి ఎన్ని మెట్లు? కొండ వాలులో కట్టిన ఇళ్ళు గనుక ఒక్కొక్క గది ఒక్కొక్క అంతస్తులో ఉండటం సాధారణం. పడక గదులకు బయటి మెట్ల మీదుగా పోవలసిన ఇళ్ళు కూడా ఉన్నాయి. మేము చూసిన వాటిలో అన్నిటికంటే అందమైన ఇంటికి నలభై రెండు మెట్లు. దానిని వదిలేశాము. చివరకు తీసుకున్న ఇంటి నుంచి సముద్రం సగమే కనిపిస్తుంది, మిగిలిన సగానికి పక్కింటి నీళ్ళ తొట్టి అడ్డం. కానీ నానమ్మ గదికి మూడే మెట్లు.

క్రూజ్ బే పక్కన ఇల్లు తీసుకుంటే రేవు, దుకాణాలు, క్లినిక్ దగ్గర. తూర్పు కొసన కోరల్ బే వైపు తీసుకుంటే నిశ్శబ్దం, అద్దె కూడా కొంత తక్కువ. కానీ ప్రతి పనికీ కొండ దాటి రావాలి. పెద్దవారు వెంట ఉంటే క్రూజ్ బే వైపే మంచిదని మా అభిప్రాయం. దీవిలో పెద్దాసుపత్రి లేదు. క్లినిక్‌తో తీరనిదైతే పడవలో సెయింట్ థామస్ పోవాలి.

అద్దె మాట్లాడేటప్పుడు పైన పడే వాటిని కూడా కలిపి చూసుకోవాలి. గది పన్ను 12.5 శాతం. అంటే 4,000 డాలర్ల అద్దె మీద పన్నే 500 డాలర్లు. దానిమీద శుభ్రం చేసినందుకు రుసుము, డిపాజిట్. డిసెంబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్యదాకా రేట్లు ఎక్కువ. వేసవిలో తగ్గుతాయి. సెప్టెంబరులో బాగా తగ్గుతాయి, దానికి కారణం ఉంది, ముందుకు చెబుతాము.

కారు

ఇంటికంటే ముందు కారు ఖాయం చేసుకోండి. వినడానికి తలకిందులుగా ఉన్నా, రద్దీ నెలల్లో ఇళ్ళు దొరుకుతాయి గానీ జీపులు దొరకవు. దీవిలో ఉన్నవే కొన్ని. సెయింట్ థామస్‌లో కారు తీసుకుని, కార్లు ఎక్కించే పంటు మీద ఇవతలికి తెచ్చుకోవచ్చు. కానీ కొన్ని కంపెనీలు దానికి ఒప్పుకోవు. ఒప్పందంలో ఏమి రాసుందో చూసుకోవాలి. ఎనిమిదిమందిమి గనుక పెద్ద బండి ఒకటా, చిన్న జీపులు రెండా అని మాలో మాకే పెద్ద చర్చ జరిగింది. పెద్ద బండి ఒకటే తీసుకున్నాము. ఇరుకు రోడ్ల మీద అది కష్టమే. కానీ బీచీల దగ్గర కార్లు ఆపే చోటు చాలా తక్కువ. ఉదయం తొమ్మిది దాటితే ఒక్క బండికి చోటు దొరకడమే గగనం, రెండు బండ్లకు ఎక్కడ?

ఇన్సూరెన్స్ సంగతి బయలుదేరక ముందే ఇంటి దగ్గర తేల్చుకోవాలి. మన కారు ఇన్సూరెన్స్ అక్కడ పనిచేస్తుందా అని ఆ కంపెనీకి ఫోను చేసి అడగాలి. క్రెడిట్ కార్డు కంపెనీ వారిని కూడా అడగాలి. కొన్ని కార్డులు తారులేని దారుల మీద జరిగిన నష్టాన్ని, కొన్ని రకాల జీపులను మినహాయిస్తాయి. అద్దె కౌంటరు దగ్గర, వెనక వరుసలో పదిమంది నిలబడి చూస్తుండగా ఆ కాగితాలు చదవడం ఎవరి వల్లా కాదు. బండి తీసుకునేటప్పుడు నాలుగు పక్కలా ఫొటోలు తీయండి. టైర్లు, అదనపు టైరు, జాకీ చూడండి. మాకు మొదట ఇవ్వబోయిన బండి టైర్లు అరిగి నున్నగా ఉన్నాయి. మార్చమంటే కౌంటరు అబ్బాయి విసుక్కున్నాడు. పిల్లల బాబాయి విసుక్కోకుండా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. గంట తరువాత మరో బండి వచ్చింది.

కొండ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి ఉంచకూడదు, వేడెక్కుతుంది. తక్కువ గేరులో దిగాలి. తిరుమల ఘాట్ రోడ్డు మీద, అరకు దారిలో బండి నడిపినవారికి ఇది చెప్పనక్కరలేదు. మూల మలుపుల దగ్గర హారను కొట్టడం కూడా అక్కడ మర్యాదే.

ఎడమ చేతివైపు

అమెరికా పరిధిలో రోడ్డుకు ఎడమవైపున బండి నడిపేది ఈ వర్జిన్ దీవులలో మాత్రమే. మనం ఇండియాలో నేర్చుకున్నదీ ఎడమవైపే గదా, మనకేమి భయం అనుకోవచ్చు. కానీ బండ్లు మాత్రం అమెరికా నుంచి వచ్చినవి. స్టీరింగు కూడా ఎడమవైపే. ఇండియాలో గానీ, అమెరికాలో గానీ డ్రైవరు ఎప్పుడూ రోడ్డు మధ్యవైపు కూర్చుంటాడు. ఆ అలవాటు మన శరీరంలో ఉంటుంది. ఇక్కడ డ్రైవరు రోడ్డు అంచున, కొండ గోడ పక్కనో లోయ పక్కనో కూర్చుంటాడు. ఎదురు బండి దగ్గర కూర్చునేది పక్క సీటులో ఉన్నవారు.

మాకు ఒక సూత్రం పనికివచ్చింది. నా భుజం రోడ్డు అంచువైపే ఉండాలి అని డ్రైవరు మనసులో అనుకోవడం. ఎడమకు తిరగాలంటే దగ్గరగా, కుడికి తిరగాలంటే దూరంగా. ఇబ్బంది అంతా మలుపులలో కాదు, బండి ఆపి మళ్ళీ కదిలించే క్షణంలోనే. బీచి నుంచి అలసిపోయి వచ్చి, ఖాళీ రోడ్డు మీదకు బండి తీసినప్పుడు చేతులు వాటంతట అవే కుడివైపుకు పోతాయి. అందుకని వెనక సీటులోని పిల్లలకు ఒక పని అప్పగించాము. బండి కదలగానే ముగ్గురూ కలిసి “ఎడమ!” అని అరవాలి. వారు ఈ ఉద్యోగాన్ని ఎంతో శ్రద్ధగా చేశారు, బండి ఆగి ఉన్నప్పుడు కూడా.

వేగం చాలాచోట్ల గంటకు ఇరవై మైళ్ళే. దీవి మొత్తం మీద ట్రాఫిక్ దీపం ఒక్కటీ లేదు. రోడ్డు మీద గాడిదలు నిలబడి ఉంటాయి. పూర్వం బరువులు మోసిన గాడిదల సంతతి ఇప్పుడు యజమానులు లేక తిరుగుతున్నాయి. అవి కదిలేదాకా మనం ఆగడమే. ముంగిసలు అడ్డంగా పరుగెడతాయి. వీటి కథ మనకు సంబంధించినదే. 1872లో చెరకు తోటల్లో ఎలుకలను చంపడానికి కలకత్తా నుంచి జమైకాకు కొన్ని ముంగిసలను తెచ్చారు. వాటి సంతానాన్ని మిగతా దీవులకూ తీసుకుపోయారు. అవి ఎలుకల కంటే తాబేళ్ళ గుడ్లనే ఎక్కువ ఇష్టపడ్డాయని ఇప్పుడు అక్కడివారు బాధపడుతున్నారు.

వాన నీళ్ళు

దీవిలో నది లేదు. ఏరు లేదు. ఇల్లు కట్టేవారు ఇంటి కింద నీళ్ళ తొట్టి కట్టి తీరాలని చట్టం. కప్పు మీద పడిన వాన గొట్టాల ద్వారా ఆ తొట్టిలోకి చేరుతుంది. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక అంగుళం వాన పడితే సుమారు 620 గ్యాలన్లు వస్తాయి. వినడానికి ఎక్కువే. కానీ ఎనిమిదిమంది, సముద్రంలో ఉప్పునీళ్ళు తడిసి వచ్చి రోజుకు రెండేసిసార్లు షవరు కింద నిలబడితే అది రెండు రోజులకు కూడా చాలకపోవచ్చు. తొట్టి ఖాళీ అయితే ట్యాంకరు లారీ పిలవాలి. దాని ఖర్చు ఎవరిదో ఒప్పందంలో ఉంటుంది, చూసుకోవాలి. మార్చి నెల అక్కడ వానలు తక్కువ కాలం.

మొదటి రోజు సాయంత్రానికే షవరు మోత విని నానమ్మకు నిద్ర పట్టలేదు. ఆమె పెరిగినది ప్రకాశం జిల్లాలో. మైలు దూరం నడిచి బిందె తెచ్చుకున్న రోజులు ఆమెకు గుర్తే. మర్నాడు ఉదయం వంటింట్లో దొరికిన రెండు బక్కెట్లు, ఒక పెద్ద గిన్నె తీసుకుపోయి స్నానాల గదిలో పెట్టారు. షవరు వేడెక్కేదాకా వృథాగా పోయే నీళ్ళు బక్కెట్లో పట్టాలి. బియ్యం కడిగిన నీళ్ళు పూలచెట్లకు. ఒళ్ళు తడుపుకుని నీళ్ళు కట్టేసి, సబ్బు రుద్దుకుని, మళ్ళీ తిప్పాలి. అమెరికాలో పుట్టిన పిల్లలకు ఇది మొదట తమాషాగా, తరువాత పోటీగా మారింది. ఎవరు తక్కువ నీళ్ళతో స్నానం చేస్తారో అని బక్కెట్టు మీద గీతలు పెట్టుకున్నారు. అమెరికాలో మా ఇంట్లో డిష్‌వాషరు నొక్కడానికి కూడా మనవరాలిని పిలిచే నానమ్మ, ఆ ఇంట్లో ఎవరికి ఎన్ని చెంబులో నిర్ణయించే అధికారి అయ్యారు. వారం చివర ఇల్లు చూసే ఆవిడ వచ్చి తొట్టి మట్టం కొలిచి చూసి, ఎనిమిదిమంది ఉన్నారా అని రెండుసార్లు అడిగారు.

తాగడానికి మాత్రం సీసా నీళ్ళు గానీ, వడపోసినవి గానీ వాడాలి. కరెంటు కూడా అక్కడ చాలా ఖరీదు. అది సెయింట్ థామస్ నుంచి సముద్రం అడుగున తీగల ద్వారా వస్తుంది. చాలా ఇళ్ళలో ఏసీ పడక గదులకే ఉంటుంది. అప్పుడప్పుడు కరెంటు పోతుంది. ఇది మనకు కొత్త కాదు.

వంటిల్లు, అంగడి

తినే వస్తువులన్నీ ఓడల మీద రావలసినవే గనుక ధరలు మండుతుంటాయి. బియ్యం, కందిపప్పు, చింతపండు, పోపు దినుసులు, ఆవకాయ సూట్‌కేసులో వేసుకుపోవడమే మేలు. ఆవకాయ సీసాను మూడు ప్లాస్టిక్ సంచులలో చుట్టండి. చిన్న ప్రెషర్ కుక్కరు కూడా తీసుకుపోయాము. విల్లాలలో కాఫీ గ్లాసులు ఇరవై ఉంటాయి గానీ కుక్కరు ఉండదు. అక్కడి వంటలనూ రుచి చూడకుండా రాకండి. మొక్కజొన్న పిండిలో బెండకాయలు వేసి ఉడికించి ముద్దగా చేసే దానిని ఫంగీ అంటారు. చేపల కూరతో తింటారు. నానమ్మ ఒక ముద్ద తిని, ఇది సంగటే గదా అన్నారు.

దుకాణంలోకి పోగానే “ఇది ఎంత?” అని అడగకూడదు. ముందుగా గుడ్ మార్నింగ్ అనాలి. మధ్యాహ్నమైతే గుడ్ ఆఫ్టర్‌నూన్. బస్సు ఎక్కినా, క్లినిక్‌లో అడుగు పెట్టినా అంతే. పలకరించకుండా పని చెప్పడం అక్కడ అమర్యాద. సెలవులకు వచ్చినవారు ఇది తెలియక, అక్కడివారు ముభావంగా ఉంటారని ఫిర్యాదు చేస్తుంటారు. మన పల్లెల్లో కూడా ఎవరి గుమ్మంలోకైనా పోయి మంచీచెడూ అడగకుండా పని మాట్లాడము గదా.

ఆ ఇళ్ళు ఎవరివి

పార్కులో అన్నాబర్గ్ అనే చోట చెరకు గానుగ శిథిలాలు ఉన్నాయి. గాలిమర గోపురం, బెల్లం కాచిన గది ఇంకా నిలిచి ఉన్నాయి. ఆ కొండలను చదును చేసి చెరకు పండించినవారు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. 1733 నవంబరులో వారు తిరగబడి నెలల తరబడి ఈ దీవిలో చాలాభాగం తమ చేతుల్లో ఉంచుకున్నారు. డెన్మార్కు దీవులలో బానిసత్వం రద్దయినది 1848 జూలై 3న. పిల్లలకు బీచికంటే ముందు ఇది చూపించాము. వారు ఆ రోజు చాలా ప్రశ్నలు వేశారు.

ఈనాటి సంగతి కూడా ఒకటి ఉంది. భూమిలో ఎక్కువ భాగం పార్కు. మిగిలిన దానిలో చాలావరకు మాలాంటివారికి అద్దెకిచ్చే ఇళ్ళు. అందువల్ల అక్కడ పనిచేసేవారికే ఇల్లు దొరకడం కష్టమైంది. ఉదయం పడవలో క్రూజ్ బేలో దిగేవారిని చూడండి. హోటళ్ళలో, దుకాణాలలో, ఇళ్ళలో పనికి సెయింట్ థామస్ నుంచి రోజూ వచ్చి పోయేవారు ఎందరో. ఇది తెలిసిన తరువాత విల్లా తీసుకోవడం మానాలా అని మేమూ మాట్లాడుకున్నాము. ఆ ఊరి బ్రతుకంతా వచ్చేవారి మీదే ఆధారపడి ఉంది గనుక మానితే వారికి మేలు జరుగుతుందని తోచలేదు. అక్కడే నివసించే యజమాని ఇల్లు దొరికితే అదే తీసుకోవాలని మాత్రం అనుకున్నాము. మేమున్న ఇంటి యజమానురాలు కింది అంతస్తులోనే ఉంటారు. అద్దె కొంచెం ఎక్కువైనా అది ఆ దీవిలోనే ఖర్చవుతుంది.

తుఫాను కాలం

జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా అక్కడ తుఫానుల కాలం. 2017 సెప్టెంబరు 6న ఇర్మా అనే పెను తుఫాను సెయింట్ జాన్‌ను తాకింది. రెండు వారాలు తిరగకముందే మారియా వచ్చింది. 1956లో రాక్‌ఫెల్లర్ ప్రారంభించిన కేనీల్ బే హోటలు కూడా ఆ ఏడాదే ధ్వంసమైంది. సెప్టెంబరులో అద్దెలు తగ్గేది ఇందుకే. చవక అని ఆ నెలలో వెళ్ళేవారు తుఫాను వస్తే డబ్బు తిరిగి వస్తుందా, తేదీలు మార్చుకోవచ్చా అన్నది రాతపూర్వకంగా తీసుకోవాలి. ప్రయాణపు ఇన్సూరెన్స్ తుఫానుకు పేరు పెట్టకముందే కొనాలి. తరువాత కొంటే ఆ తుఫానుకు అది పనిచేయదు. దివిసీమ ఉప్పెనను గుర్తుంచుకున్నవారు ఇంట్లో ఉంటే వారినే అడగండి, ఆ నెలలో పోవాలా వద్దా అని.

సముద్రం దగ్గర ఇంకో రెండు మాటలు. పగడపు దిబ్బలకు హాని చేసే కొన్ని రసాయనాలున్న సన్‌స్క్రీన్ క్రీములను 2020 మార్చి నుంచి అక్కడ నిషేధించారు. కొనేముందు సీసా మీద చదవాలి. బీచి ఒడ్డున మాంచినీల్ అనే చెట్టు ఉంటుంది, చిన్న ఆకుపచ్చ ఆపిలు పండులాంటి కాయలతో. ఆ కాయ విషం, పాలు తగిలితే బొబ్బలు. వాన పడుతుంటే దాని కింద నిలబడకూడదు. పిల్లలకు మొదటి రోజే చూపించండి. మాహో బేలో నీరు నిదానంగా ఉంటుంది, రోడ్డు పక్కనే ఇసుక. నానమ్మ అక్కడ కుర్చీ వేయించుకుని మోకాళ్ళ దాకా నీళ్ళలో కూర్చున్నారు. ఇద్దరు కొడుకులూ చెరో పక్కా కూర్చున్నారు. మూడు రోజులు వరుసగా అక్కడికే పోయాము, ట్రంక్ బేలాంటి పేరున్న బీచి చూడలేదని పిల్లలు సణుగుతున్నా.

బయలుదేరే రోజున చెత్త సంచులు మనమే రోడ్డు పక్కనున్న పెద్ద డబ్బాలో వేయాలి, ఇంటికి వచ్చి తీసుకుపోయేవారు ఉండరు. పెట్రోలు బంకులు బహు కొద్ది, ముందురోజే ట్యాంకు నింపుకోండి. బండి తిరిగి ఇచ్చేటప్పుడు మళ్ళీ నాలుగు పక్కలా ఫొటోలు తీసి, రసీదు తీసుకున్నాకే పడవ ఎక్కండి. పండ్లు, మొక్కలు విమానాశ్రయంలో తనిఖీ చేస్తారు. యజమానురాలు ప్రేమగా ఇచ్చిన రెండు మామిడికాయలను నానమ్మ అక్కడికి తేలేదు. రేవు దగ్గరే ఉప్పు కారం అద్దుకుని అందరం తినేశాము.